పసిబిడ్డకు పొత్తిగుడ్డలు చాలు

(ధ్యానభాగము: లూకా 2:1–7, 22–24)

ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత, మా సంఘస్థుడొకాయన మందిరంలో వెనుక వరుసలో అలాగే కూర్చుండిపోయాడు. ఆయన భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి విషయమేమిటని అడిగాను.

"ప్రార్థన చేయండి అమ్మగారూ, వడ్డీ కట్టలేకపోతున్నాను" అన్నాడాయన.

ఏ అప్పుకు వడ్డీ అని అడిగితే, పెద్దమ్మాయి పురుటికి చేసిన అప్పు అన్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. ఆ అమ్మాయి పురుడు ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగింది. కాన్పుకు ఒక్క రూపాయి కట్టలేదు. మరి అప్పు దేనికి? ఆయన వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పాడు. ఇనుప స్టాండు ఉయ్యాల, దానికి పరుపు, బిడ్డకు 12 జతల కొత్త బట్టలు, పెట్టెలో అమర్చి అమ్మే సబ్బు, నూనె, పౌడరు, పాలసీసాలు, బిడ్డ నడక నేర్చుకోవడానికి చక్రాల బండి, వెండి మొలతాడు, కడియాలు, మూడవ నెలలో బిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు సారె. మొత్తం 40,000 రూపాయలు. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,200. రెండేళ్ళలో 28,800 రూపాయలు వడ్డీగానే కట్టాడు. అసలు మాత్రం పైసా తగ్గలేదు.

అప్పటిదాకా మౌనంగా ఉన్న ఆయన భార్య కన్నీళ్ళు పెట్టుకుంది. "బిడ్డకు అన్నీ కొన్నాం అమ్మగారూ. బిడ్డను కన్న పిల్లకు మాత్రం ఒక గుడ్డు కొనలేదు. పత్యమని కారప్పొడి అన్నమే పెట్టాను. నెల తిరగక ముందే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకువెళ్తే రక్తం 7 గ్రాములే ఉందన్నారు" అంది.

ఆ కుటుంబంలో రెండవ అమ్మాయికి అప్పుడు ఏడవ నెల. మళ్ళీ పురుడు రాబోతోంది. అందుకే ఆ తండ్రి ఆ రోజు లేవలేక కూర్చున్నాడు. మరుసటి రోజు నేను, ఆ తల్లి, మా స్త్రీల సమాజంలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక సహోదరి ముగ్గురం కూర్చుని, పుట్టబోయే బిడ్డకు నిజంగా ఏమేమి కావాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పాడు కదా (లూకా 14:28). ఆ కాగితంలో ఉన్నదే ఈ వ్యాసంలో మీ ముందు పెడుతున్నాను.

బేత్లెహేములో ఏమున్నది?

మరియమ్మకు నెలలు నిండినప్పుడు సొంత ఊరు దగ్గర లేదు. సత్రంలో చోటు లేదు. లోకరక్షకుడు పుట్టినప్పుడు ఆమె దగ్గర ఉన్నవాటిని లూకా రెండు మాటల్లో చెప్పేశాడు: చుట్టడానికి పొత్తిగుడ్డలు, పడుకోబెట్టడానికి పశువుల తొట్టి. తరువాత దేవాలయానికి తీసుకువెళ్ళినప్పుడు వారు అర్పించినది పక్షుల జత. గొఱ్ఱెపిల్లను తేలేని పేదవారికి మోషే ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది (లేవీయకాండము 12:8). యోసేపు గొఱ్ఱెపిల్ల కోసం అప్పు చేయలేదు. తన స్తోమతకు తగినదే తెచ్చాడు. దేవుడు దానిని తక్కువ చేసి చూడలేదు.

దీనిని బట్టి పేదరికం గొప్పదని గానీ, బిడ్డకు ఏమీ అక్కరలేదని గానీ నేను చెప్పడం లేదు. ఆ రెండు మాటల్లో అవసరమైనది ఉంది. బిడ్డ ఒంటికి వెచ్చదనం, బిడ్డకు భద్రమైన పడక. వాటితోపాటు తల్లి పాలు, తండ్రి కాపుదల. ఇవి లేకపోతే బిడ్డకు ముప్పు. మిగిలినవి లేకపోయినా బిడ్డకు తెలియదు. తెలిసేది చుట్టాలకు, ఇరుగుపొరుగువారికి మాత్రమే.

మొదటి అవసరం: వెచ్చదనం

తొమ్మిది నెలలు తల్లి కడుపులో వెచ్చగా ఉన్న బిడ్డ బయటకు రాగానే తడి ఒంటితో త్వరగా చల్లబడిపోతుంది. అందుకే పుట్టిన వెంటనే పొడి గుడ్డతో తుడిచి, తల్లి రొమ్ముమీద పడుకోబెట్టి, పైన మరో గుడ్డ కప్పి, తలకు టోపీ పెట్టాలి. మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు ఎప్పుడు పోయాలో డాక్టరును అడగాలి.

తల్లి ఒడి ఎంతటి సాధనమో తెలియడానికి ఒక సంగతి. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను ఉంచడానికి ఆసుపత్రిలో యంత్రాలు చాలలేదు. ఎడ్గార్ రే అనే డాక్టరు ఆ బిడ్డలను తల్లుల రొమ్ముకు ఆనించి, గుడ్డతో కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టాడు. కంగారూ జంతువు తన పిల్లను సంచిలో మోసినట్టు ఉంటుంది గనుక దానికి కంగారూ సంరక్షణ అని పేరు వచ్చింది. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో కూడా తక్కువ బరువు బిడ్డలకు దీనినే చేయిస్తున్నారు. దీనికి కావలసినది ఒక పాత చీర, ఒక తల్లి. తల్లికి ఒంట్లో బాగులేకపోతే తండ్రి అయినా, అమ్మమ్మ అయినా చేయవచ్చు.

రెండవ అవసరం: తల్లిపాలు

పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించాలి. మొదట వచ్చే పసుపుపచ్చని ముర్రుపాలను పిండి పారబోసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. రోగాలను తట్టుకునే శక్తి బిడ్డకు ఆ పాలలోనే అందుతుంది. ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదు. ఎండాకాలంలో కూడా నీళ్ళు పట్టనక్కరలేదు. తేనె, చక్కెర నీళ్ళు, ఆముదం, వస కొమ్ము నాకించడం మానాలి. ముఖ్యంగా తేనెను ఏడాది నిండేవరకు పెట్టకూడదు. దానివల్ల పసిబిడ్డలకు ప్రాణాపాయం కలిగించే జబ్బు రావచ్చు.

పాలు చాలుతున్నాయో లేదో అన్న భయంతోనే చాలామంది సీసా కొంటారు. మొదటి వారం దాటిన తరువాత బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కొంచెం బరువు తగ్గడం సహజం. రెండు వారాలకల్లా ఆ బరువు తిరిగి వస్తుంది. పాలసీసా రబ్బరు తిత్తిని సరిగా మరిగించి శుభ్రం చేయకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. పాలసీసాలను, డబ్బాపాలను ప్రకటనలు చేసి అమ్మకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు. 2003లో దానిని మరింత కఠినం చేశారు.

బిడ్డ చప్పరించలేకపోతే, తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మన నాయనమ్మలు వాడిన ఆ గిన్నెనే ఈనాడు పెద్దాసుపత్రుల్లో కూడా వాడుతున్నారు. ఏదైనా జబ్బు చేతనో, మందుల చేతనో పాలివ్వలేని తల్లి ఉంటే, ఆమెను ఎవరూ నిందించకూడదు. అటువంటప్పుడు డాక్టరు చెప్పిన పాలను, చెప్పిన కొలతలోనే, గిన్నెతో పట్టాలి.

ఆ కాగితం మీద మేము రాసుకున్నవి

ఎన్ని కావాలో బిడ్డ అవసరాన్ని బట్టి లెక్క వేశాం. పసిబిడ్డ మూత్రానికి, విరేచనానికి కలిపి రోజుకు పది, పన్నెండు గుడ్డలు మారుస్తాం. వానాకాలంలో గుడ్డ ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఆ ప్రకారం:

1. గోచీ గుడ్డలు – 20 నుండి 24. అయిదున్నర మీటర్ల పాత నూలు చీరను మూరెడు పైచిలుకు చదరాలుగా చింపితే ఒక్క చీరకు సుమారు 20 వస్తాయి.
2. బిడ్డను చుట్టే పెద్ద గుడ్డలు – 4. మెత్తబడిన పాత పంచె అన్నిటికంటే మంచిది. వదులుగా చుట్టాలి. కాళ్ళు కదిలేలా ఉండాలి.
3. ముందు వైపు తెరచుకుని దారాలతో ముడివేసే నూలు చొక్కాలు – 6. గుండీలు, లేసులు, మెరుపు పూసలు వద్దు.
4. టోపీలు – 2, కాలి మేజోళ్ళు – 2 జతలు.
5. పాత చీరలతో కుట్టిన బొంతలు – 2, దానిమీద వేసే రబ్బరు షీటు – 1.
6. చిన్న దుప్పటి – 1 (చలికాలమైతే 2).
7. దోమతెర – 1. పాతవాటికి బదులు దీనిని మాత్రం కొత్తది, చిరుగులు లేనిది కొనండి.
8. పసిపిల్లల సబ్బు – 1. ఒంటికి రాయడానికి ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చాలు.
9. గుడ్డలు నానబెట్టడానికి మూత ఉన్న బకెట్టు – 1.
10. థర్మామీటరు – 1, ఉగ్గుగిన్నె – 1.

ఇంతే. పాత గుడ్డలన్నిటినీ సబ్బుతో ఉతికి, వేడినీళ్ళలో మరిగించి, మంచి ఎండలో ఆరవేసి, శుభ్రమైన సంచిలో మూటగట్టి ఎనిమిదవ నెలకల్లా సిద్ధంగా ఉంచాలి. పాత బట్ట అని చిన్నతనం అక్కరలేదు. మన పెద్దలు పుట్టిన బిడ్డకు మొదట మెత్తటి పాత బట్టనే వేసేవారు. కొత్త బట్టలోని గంజి, రంగు లేతచర్మానికి గుచ్చుకుంటాయని వారికి తెలుసు.

బట్టలు ఎక్కువ కొనకపోవడానికి మరొక కారణం ఉంది. బిడ్డ అయిదవ నెలకు పుట్టిన బరువుకు రెండింతలు, ఏడాదికి మూడింతలు అవుతుంది. పుట్టినప్పుడు కొన్న 12 జతల్లో సగం ఒంటికి పట్టకుండానే చిన్నవైపోతాయి. హన్నా సమూయేలుకు ఏడాదికొక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళేదని చదువుతాం (1 సమూయేలు 2:19). బిడ్డ ఎదుగుదలను చూసుకుని, ఆ యేటికి తగిన కొలతతో కుట్టింది. ఆ తల్లి ప్రేమకు కొదువ ఏముంది?

కొనకపోతే నష్టం లేనివి, కొంటే నష్టం కలిగించేవి

పౌడరు: ఆ ధూళి ఊపిరితో లోపలికి పోతుంది. ఒంటి మడతలు పొడిగా తుడిస్తే చాలు.

కాటుక: కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. అది బిడ్డ మెదడుకు చేటు. కళ్ళకు పెట్టవద్దు. దిష్టిచుక్క మీద కాదు గదా మనకు నమ్మకం!

సాంబ్రాణి పొగ: స్నానం తరువాత బిడ్డను పొగమీద పట్టడం చాలా ఇళ్ళలో ఉంది. ఆ లేత ఊపిరితిత్తులు పొగను తట్టుకోలేవు. పొడిగుడ్డతో తల తుడిచి, ఒడిలో వెచ్చగా పెట్టుకోండి. ముక్కులో, చెవిలో నూనె వేయడం కూడా మానండి.

బొడ్డుకు పూసేవి: పసుపు, బూడిద, నెయ్యి ఏదీ వద్దు. బొడ్డును ఏమీ పూయకుండా పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది.

దిండు: పసిబిడ్డకు దిండు అక్కరలేదు. గట్టి చదునైన పక్కమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. చీర ఉయ్యాల ఏడుపు మాన్పడానికి మంచిదే, అయితే పెద్దవారెవరైనా పక్కన ఉండాలి. దూలానికి కట్టిన ముడిని రోజూ చూసుకోవాలి.

చక్రాల నడక బండి: దానివల్ల బిడ్డ త్వరగా నడవదు. గడప మీదనుండి, మెట్లమీదనుండి బోర్లా పడే ప్రమాదం మాత్రం ఉంది. కెనడా దేశంలో 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించారు.

మిగిలిన డబ్బు దేనికి?

ఇక్కడే నేను ఎక్కువగా చెప్పవలసింది ఉంది. ఆ మూటకు అయ్యే ఖర్చు కొద్దిపాటిది. మీ చేతిలో ఇంకేమైనా ఉంటే అది మూడింటికి దాచండి.

మొదటిది, తల్లి తిండి. పాలిచ్చే తల్లికి రోజూ పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పండు ఉండాలి. చేపలు, మాంసం తినే ఇంట్లో ఉన్నప్పుడు అవీ పెట్టవచ్చు. పత్యం పేరుతో వీటిని మాన్పించవద్దు. ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలను పురుడు తరువాత కూడా ఆరు నెలలు మింగించాలి.

రెండవది, అత్యవసర ప్రయాణం. బిడ్డ పాలు తాగడం మానినా, ఒళ్ళు చల్లబడినా, జ్వరం 37.5 డిగ్రీలు దాటినా, నిమిషానికి 60 సార్లు అంతకంటే ఎక్కువగా ఊపిరి తీస్తున్నా, ఫిట్స్ వచ్చినా, అరచేతులు, అరికాళ్ళు పసుపు పచ్చగా మారినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము కారినా ఒక్క పూట కూడా ఆగవద్దు. నాటు మందులు వద్దు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళండి. ప్రార్థించండి, బయలుదేరండి. దారిలో కూడా ప్రార్థించవచ్చు.

మూడవది, కాగితాలు. పుట్టిన వెంటనే వేసే బి.సి.జి., పోలియో చుక్కలు, కామెర్ల టీకా తప్పక వేయించండి. కామెర్ల టీకా 24 గంటలలోపే పడాలి. పుట్టిన 21 రోజులలోపు జననం నమోదు చేయించుకోండి. వీటికి ఖర్చు లేదు, తిరుగుడు మాత్రం ఉంది. తండ్రి చేయవలసిన పని ఇది.

2011లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, తల్లికి భోజనం, రానుపోను వాహనం అన్నీ ఉచితం. జబ్బుచేసిన పసిబిడ్డకు వైద్యం కూడా ఉచితమే. ఆశా కార్యకర్త మొదటి ఆరు వారాల్లో 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఆమెను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీ సందేహాలన్నీ అడగండి.

సంఘం చేయగలిగినది

ఫిన్లాండు దేశంలో 1938 నుండి పేద తల్లులకు, 1949 నుండి తల్లులందరికీ ప్రభుత్వం ఒక పెట్టె ఇస్తూ వచ్చింది. అందులో బిడ్డ బట్టలు, పక్కగుడ్డలు ఉంటాయి. ఆ అట్టపెట్టెనే బిడ్డకు పడకగా వాడుకోవచ్చు. నాలుగవ నెల దాటకముందే వైద్య పరీక్షకు వెళ్ళిన తల్లికే అది దొరుకుతుంది. ఉన్నవారి బిడ్డకూ లేనివారి బిడ్డకూ ఒకటే పెట్టె. మన తెలంగాణలో కూడా 2017 జూన్‌లో ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించిన తల్లులకు 16 రకాల వస్తువుల కిట్టును ఇవ్వడం మొదలుపెట్టారు.

ప్రభుత్వం ఇచ్చినా ఇవ్వకపోయినా, మన సంఘాల్లో స్త్రీల సమాజం ఈ పని చేయవచ్చు. మా మందిరంలో ఇప్పుడొక రేకుపెట్టె ఉంది. బిడ్డలు ఎదిగిన ఇళ్ళవారు చిన్నవైపోయిన చొక్కాలు, దోమతెరలు, బొంతలు ఉతికి అందులో పెడతారు. నెలలు నిండిన తల్లి దానిలోనుండి తీసుకుంటుంది. తన బిడ్డ ఎదిగాక తిరిగి పెడుతుంది. ఎవరు తీసుకున్నారో పుస్తకంలో రాయము. సంఘ పెద్ద కోడలు కూడా దానిలోనిదే తీసుకుంది గనుక, తీసుకోవడం ఎవరికీ నామోషీ కాలేదు.

సారె సంగతి

మళ్ళీ ఆ కుటుంబం దగ్గరికి వద్దాం. మూట సిద్ధమైనా, ఆ తండ్రికి ఒక భయం మిగిలింది. "పెద్దదానికి అన్నీ పెట్టాను. చిన్నదానికి పెట్టకపోతే వియ్యాలవారు ఏమనుకుంటారు?" అని. అయ్యగారు ఆయనను వెంటబెట్టుకుని చిన్నమ్మాయి అత్తగారింటికి వెళ్ళారు. ఆయన తలవంచుకుని ఉన్న సంగతి చెప్పాడు. ఆ అత్తగారు విని, "మేము ఎప్పుడైనా అడిగామా అన్నయ్యగారూ? మా అమ్మాయి పురుటికి మేమూ ఇలాగే అప్పు చేశాం. ఇంకా తీర్చలేదు. మీరు అప్పు చేసి తెచ్చిన ఉయ్యాలలో నా మనవణ్ణి ఎలా పడుకోబెట్టను?" అంది.

రెండు ఇళ్ళలోనూ ఒకే భయం. ఎవరూ ఎవరినీ అడగలేదు. పదిమంది ఏమనుకుంటారోనని ఇద్దరూ అప్పుల్లో దిగారు. ప్రేమ తప్ప మరి దేనికీ ఎవరికీ బాకీ ఉండవద్దని పౌలు భక్తుడు రాసిన మాట (రోమా 13:8) ఆ రోజు ఆ పంచలో నెరవేరడం చూశామని అయ్యగారు వచ్చి చెప్పారు. అన్ని ఇళ్ళలో ఇంత సులువుగా జరగకపోవచ్చు. కొన్ని చోట్ల మాట పడవలసి రావచ్చు. ఆ మాట నాలుగు రోజులు ఉంటుంది. వడ్డీ నాలుగేళ్ళు ఉంటుంది. మగబిడ్డ తల్లిదండ్రులారా, ముందుగా మీరే నోరు తెరచి "ఏమీ తేవద్దు" అని కబురు పంపండి. ఆ ఒక్క కబురు ఒక కుటుంబాన్ని నిలబెడుతుంది.

చిన్నమ్మాయికి ఆడబిడ్డ పుట్టింది. ఈసారి ఆ ఇంట్లో అమ్మమ్మ ప్రతి ఉదయం బాలింతకు గుడ్డు ఉడకబెట్టింది. నెలలు గడిచాక బిడ్డను సంఘం ముందుకు తీసుకువచ్చినప్పుడు, ఆ పాప ఒంటిమీద రేకుపెట్టెలోని తెల్లని చొక్కా ఉంది. దానిని అంతకుముందు ముగ్గురు పిల్లలు తొడుక్కున్నారు. విందు లేదు. వచ్చినవారికి టీ, బిస్కట్లు ఇచ్చారు. పెద్దమ్మాయి పురుటి అప్పు మాత్రం ఇంకా తీరుతూనే ఉంది. అయితే దానిమీద కొత్త అప్పు పడలేదు గనుక అసలు తగ్గడం మొదలైంది.

ప్రియ తల్లులారా, తండ్రులారా, మీ ఇంట పుట్టబోయే బిడ్డ మన చేతికి దేవుడు అప్పగించిన వరం. ఆ బిడ్డకు మొదటి కానుకగా అప్పులేని ఇంటిని, కడుపునిండా తిన్న తల్లిని ఇవ్వండి.

ప్రార్థన: తొట్టిలో పరుండిన ప్రభువా, మా బిడ్డకు ఏది అవసరమో తెలుసుకునే వివేకాన్ని, లేనిదానికి సిగ్గుపడని ధైర్యాన్ని, ఉన్నదానిని పొరుగింటి బిడ్డతో పంచుకునే మనసును మాకు దయచేయుము. ఆమేన్.